ఏడో కుర్చీ

జడ్జి ఆర్లిన్ థోర్సన్ గదిలో కిటికీ సరిగ్గా మూసుకోదు. ఆ సందులోంచి మంచుగాలి కొట్టకుండా ఒక పాత రేకుబోర్డు అడ్డం పెట్టి ఉంటుంది.

బోర్డు మీద ఆయన పేరే. కింద ఎర్రక్షరాల్లో 'మెత్తబడని జడ్జి' అని.

ముప్పై ఒక్కేళ్ళ కిందటి ఎన్నికల బోర్డు అది. ఆ రాష్ట్రంలో జడ్జీలు కూడా ఓట్లు అడుక్కోవాలి. జిల్లా జడ్జి పదవికి మళ్ళీ నిలబడ్డప్పుడు మొక్కజొన్న చేల పక్కన ఇలాంటివి నాలుగొందలు పాతించాడు.

"దీన్ని పారేస్తానంటే ఒప్పుకోరు కదా!" అంటూ సెక్రటరీ లవాన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పక్కనే ఒక కాగితం కూడా పెట్టింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి విడుదల చేసేది. చూడండి."

రెండే వాక్యాలు.

కర్టిస్ బ్లూమ్ అప్పీలులో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ముగ్గురు ముగ్గురుగా చీలినందున కింది కోర్టు తీర్పే నిలుస్తుంది. జస్టిస్ థోర్సన్ ఇందులో పాల్గొనలేదు.

పాల్గొనడానికి వీల్లేదు. కింది కోర్టులో ఆ శిక్ష వేసింది ఆయనే. తన తీర్పును తానే తూచకూడదన్నది నియమం. మంచి నియమమే. చిన్న జడ్జీలకు ఆయనే ఎన్నోసార్లు దాన్ని వల్లించాడు.

కర్టిస్‌కి అప్పుడు పదిహేడు. పెట్రోలు బంకు బయట కారులో కూర్చున్నాడు. లోపలికి వెళ్ళి మనిషిని కాల్చింది వాడి పెదనాన్న కొడుకు.

ఇరవై ఏళ్ళ జైలు వేయొచ్చు. చచ్చేదాకా వేయొచ్చు. అది జడ్జి ఇష్టం.

అది అక్టోబరు. నవంబరులో ఓట్లు. థోర్సన్‌ది మెత్తటి చెయ్యి అని పోటీదారు ఊరూరా చెప్పుకు తిరుగుతున్నాడు.

చచ్చేదాకా వేశాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళితే హోటల్లో జనం లేచొచ్చి చేతులు కలిపారు. ఆ రోజు తిన్న ఆపిల్ కేకు రుచి ఆయనకింకా గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

"నేను లోపల ఉంటే ఓటు ఎటు వేసేవాణ్ణో తెలుసా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా మీ కోడిగీతలే చదువుతున్నాను. మీ మొహం చదవలేనా?"

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు.

"రేపు తొమ్మిదిలోగా ఈ కుర్చీ ఖాళీ అయితే?"

జవాబు లవాన్‌కూ తెలుసు. ఉత్తర్వు వెలువడకముందే కుర్చీ ఖాళీ అయితే, చీలిన కేసును ఆపేస్తారు. గవర్నరు కొత్త జడ్జిని వేశాక ఏడుగురూ కూర్చుని మళ్ళీ మొదటినుంచి వింటారు. ఆ కోర్టు ఆనవాయితీ అది.

"జనవరిలో మీరు చీఫ్ జస్టిస్ అవుతున్నారు జడ్జిగారూ. ఆ వేడుకకని నేను కొత్త గౌను కూడా కొనేశాను."

"చర్చికి వేసుకో."

"వచ్చేవాడు ఆ అబ్బాయి వైపే మొగ్గుతాడని ఏముంది?"

"ఏమీ లేదు. ఈ కాగితం బయటికొస్తే మాత్రం వాడు జైల్లోనే చస్తాడు. అది ఖాయం."

"అబ్బాయంటున్నాం గానీ, వాడికిప్పుడు నలభై ఎనిమిది," అంది లవాన్ మెల్లగా.

"అలిసిపోయాను లవాన్. ఈ నలభై ఏళ్ళలో ఎన్ని కేసులు చూశానో లెక్కలేదు. ఇదొక్కటే నాతో ఇంటికొస్తుంది."

కలం తీసి నాలుగు వరుసల్లో రాజీనామా రాశాడు. ఆమె అందుకుని చదివింది. ముక్కు ఎగబీల్చి తిరిగి ఆయన ముందుకు తోసింది.

"తేదీ మర్చిపోయారు. టైము కూడా వెయ్యండి. రేపు ఎవడూ వంక పెట్టకూడదు."

న్యాయమూర్తుల గదిలోకి వేరేవాళ్ళెవరూ అడుగు పెట్టరు. తలుపు తడితే, అందరికన్నా కొత్తగా చేరినవారే లేచి తీయాలి. పద్నాలుగేళ్ళ కిందట ఆ పని ఆయనదే.

ఈసారి ఆయన తడితే రెనే కోవార్ తీసింది. "రండి సార్, మీకోసమే ఆగాం. తర్వాతి కేసు మొదలుపెట్టాలి."

ఆమె వెనక బల్ల చుట్టూ ఏడు కుర్చీలు. ఆయన గడప దాటలేదు.

"నేను రానమ్మా. ఇది చీఫ్ చేతికివ్వు. ఇప్పుడే చదవమను."

ఇక ఎవరి పిలుపుకీ ఆగకుండా మెట్లు దిగాడు.

కింద వరండా బెంచీ మీద కర్టిస్ తల్లి కూర్చుని ఉంది. తీర్పులు శుక్రవారమేనని కాపలావాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా గురువారాలే వస్తుంది. న్యాయమూర్తులు మాట్లాడుకునే రోజు తను దగ్గర ఉండాలంటుంది. ఆమె బూట్లకంటిన మంచు కరిగి నేల తడిసింది.

ఇన్నేళ్ళూ ఆమెను పలకరించడానికి ఆయనకు వీల్లేకపోయింది. పక్క మెట్ల దారిన పోయేవాడు. శిక్ష వేసిననాడు నల్లటి జుట్టుతో, నల్ల గౌనుతో ఉన్న జడ్జినే ఆమె చూసింది. ఆ తర్వాత చూడలేదు.

ఓవర్‌కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఆయన బెంచీ చివర కూర్చున్నాడు. ఆమె తన సంచీ పక్కకు జరిపి చోటిచ్చింది.

"మీది కూడా కేసుందా బాబూ, లోపల?"

"ఉందమ్మా."

"ఎన్నేళ్ళయింది?"

"ముప్పై ఒకటి."

"అయ్యో, మాదీ అంతే," అంది. ఒళ్ళో ఉన్న కాగితం పొట్లం విప్పి, సాండ్‌విచ్ సగానికి తుంచి ఆయన చేతిలో పెట్టింది. "తినండి. వీళ్ళు తొందరగా ఏదీ తేల్చరు."

ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.