బుల్లెట్టు వెనక తొట్టి

గురునాథం పడవ తెడ్డుతో కొట్టిన దెబ్బకి చెల్లెలి మొగుడు బాపయ్య బుల్లెట్టు మీంచి ఎగిరి సూర్యలంక రోడ్డు మీద పడ్డాడు. ఆ చప్పుడు రేపల్లెదాకా వినపడిందంటారు. మరీ అంత కాదు, బాపట్లదాకానే.

"నువ్వు దొరలా బండెక్కి, నా చెల్లెల్ని వెనక తగిలించిన తొట్టిలో చేపలబుట్టల మధ్య కుదేస్తావట్రా?"

బాపయ్య ముక్కులోంచి నెత్తురు కారుతోంది. గురునాథం మళ్లీ తెడ్డెత్తాడు. తొట్టిలోంచి దూకిన పోలమ్మ అన్న చెంప ఛెళ్లుమనిపించింది.

"ఇంకో దెబ్బేశావంటే నీకు చెల్లెలే లేదు!"

మొగుణ్ణి లేపి తొట్టిలో కూర్చోబెట్టింది. కుచ్చెళ్లు ఎగదోపుకుని బండెక్కింది. మగాళ్లు పది తన్నులు తంతేగాని పలకని బుల్లెట్టు, ఆవిడ ఒక్క తన్నుకే గుర్రుమంది.

గురునాథం తెడ్డు దించాడు. "నీకు బండొచ్చా?"

"ఆయనే నేర్పాడు. చేపలమ్ముకుని బాపట్లనుంచి రోజూ నేనే తోలుకొస్తాను. మన పేట కనపడగానే దిగి తొట్టిలో కూర్చుంటాను."

"ఎందుకే?"

"ఆడది బండి తోలితే మా అన్నకి తలవంపులని."

గురునాథం తలగుడ్డ విప్పి బావ ముక్కుకి అదిమిపెట్టాడు. తర్వాత తెడ్డు భుజాన వేసుకుని బండికి ముందు నడిచాడు.

"పేట మధ్యనించే తోలవే. నవ్వినోడి పళ్లు రాలగొడతాను."