అవసరం లేదట!

కుట్టుమిషన్ల మధ్య కుప్పకూలిన బావ ఛాతీని రెండు చేతులతో నొక్కుతున్నాను. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మాట్లాడే పెట్టెను అక్క గోడ మీంచి పరుగున తెచ్చింది. ప్యాడ్లు అతికించాం.

"ఎవరూ తాకకండి," అంది పెట్టె. కాసేపాగి, "షాక్ అవసరం లేదు. నొక్కుతూ ఉండండి," అంది.

అక్క ముఖం విప్పారింది. "విన్నావురా? అవసరం లేదట! మీ బావ మొండిఘటం, నే చెప్పలా?"

ఊపిరి ఆగిన మనిషికి పెట్టె ఆ మాట చెబితే అర్థమేమిటో ప్రథమచికిత్స శిక్షణలో విన్నాను. షాక్‌కు లొంగే కదలిక కూడా గుండెలో మిగల్లేదని.

పైకి లెక్కపెడుతూ మళ్లీ నొక్కసాగాను. పక్కటెముక పటుక్కుమంది.

"ఆపరా, ఆయనకి నొప్పి!" అక్క నా మణికట్టు పట్టుకుంది.

నేను ఆపలేదు. నా ముఖంలోకి చూసింది. పట్టు సడలింది.

"ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది..." నా లెక్క ఆగింది, చేతులు ఆగలేదు.

"ఇరవై తొమ్మిది," అంది అక్క.