దారం కట్టిన పిందెలు

పొద్దున్నే విశాలాక్షి పెరటి తలుపు తీసేసరికి కర్బూజ పాదు దగ్గర ఎవరో ముసలమ్మ వంగి ఉంది.

చేతిలో నాలుగు పసుపుపచ్చ పూలు.

"ఎవరమ్మా నువ్వు? మా పెరట్లో నీకేం పని?"

ముసలమ్మ నడుము పట్టుకొని లేచింది.

"రాములవ్వనమ్మా. లాలాగూడల ఉంట. యూనివర్సిటీ కేంపస్‌ల పనికి పోతున్న."

"పనికి పోయేదానివి పోక, మా పూలు కోస్తావేం?"

"ఇవి ఉత్త పూలమ్మా. వీటికి కాయలు కాయవు."

"పూలు ఎత్తుకుపోయేవాళ్ళంతా ఇదే మాటంటారు."

రాములవ్వ నవ్వింది. ఆమె చూపు పాదు మీదే ఉంది.

"విత్తనం మాత్రం మస్తు మంచిదమ్మా. గిసుంటిది గీడ దొరకది. యాడికెళ్ళి తెచ్చినవ్?"

విశాలాక్షి పాదుకు అడ్డంగా వచ్చి నిలబడింది. దిష్టి!

అవి వాళ్ళమ్మ దాచిన గింజలు. కృష్ణ ఒడ్డున, పుట్టింటివారి ఇసుక పాదుల్లో కాసిన చిన్న కర్బూజలు. పండు పిడికిలంతే. కోస్తే ఇల్లంతా తీపి వాసన. అమ్మ పోయిన ఏడాదే కృష్ణ వరదకు ఆ పాదులూ పోయాయి. విశాలాక్షి కొంగున కట్టి తెచ్చుకున్న ఆరు గింజల్లో ఇక్కడ తార్నాక పెరట్లో మొలిచినవి రెండే. ఈ పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో ఒక్క పండైనా పండి గింజ చేతికి రాకపోతే, ఇక ఆ కాయ లేనట్టే.

అందుకే ఆకు మీద పురుగు కనిపిస్తే చాలు, మందు పొడి చల్లేది.

"వెళ్ళు. మళ్ళీ ఈ కంచె దాటావంటే మా ఆయన్ని లేపుతాను."

"నీ మేలుకేనమ్మా. జర ఇను..."

"వెళ్ళమన్నానా!"

రాములవ్వ పూలు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తరువాత మూడో నాడు పాదుకు నీళ్ళు పోస్తూ విశాలాక్షి ఆగిపోయింది. ఆకుల చాటున ఉసిరికాయంత పిందెలు నాలుగు. నాలుగు తొడిమలకూ ఎర్ర దారం.

పక్కింటి భారతమ్మను కేకేసి ముసలమ్మ సంగతి చెప్పింది.

"దారం కట్టిపోయిందంటే ఏదో చేసినట్టే వదినగారూ! పిల్లలు తినే కాయలు. తెంపి అవతల పారెయ్యండి."

"ఉన్నవే నాలుగు పిందెలండీ..."

"పూలు లేవా? మళ్ళీ కాస్తాయి."

విశాలాక్షి మొహం తిప్పుకొని, ఎడమచేత్తో నాలుగూ తెంపి కంచె అవతలికి విసిరేసింది.

పూలు వచ్చాయి. రోజుకు పది, పదిహేను. పూసినవి పూసినట్టే రాలాయి. మూడు వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. తీగ మొదలు ఎండసాగింది.

ఆమె అన్నం సరిగ్గా తినడం లేదని, యూనివర్సిటీలో గుమస్తాగా ఉన్న భర్త సుందరరావు కేంపస్ తోటమాలి ఇన్నయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

ఇన్నయ్య ఆకు తిప్పి వేలితో రాసి చూశాడు.

"మందు చల్లిండ్రా అమ్మా?"

"పురుగు పడితే చల్లాను."

"పురుగుతోటి తేనెటీగ గూడ పోయింది. ఈగ వాలకుంటె పిందె యాడికెళ్ళొస్తది? పొద్దుగాల మొగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలె. ఈగ చెయ్యని పెండ్లి మనమే చెయ్యాలె!" అని నవ్వాడు. "అద్దినదానికి గుర్తుకు దారం కడ్తం. గా పండు గింజనే దాస్తం."

విశాలాక్షి కంచె అవతలికి చూసింది. మేకలు మేసిపోయిన నేల తప్ప అక్కడ ఏమీ లేదు.

"ఇప్పుడు... ఇప్పుడు అద్దితే?"

"తీగల పాణం లేదమ్మా."

ఆమె అడిగింది. "ఇదంతా నీకెవరు నేర్పారు?"

"మా రాములవ్వ."

"ఆమెను ఒక్కసారి తీసుకొస్తావా? నేను మాట్లాడాలి."

ఇన్నయ్య తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"యాడికెళ్ళి తెస్తనమ్మా? మొన్న మంగళారం ఎండదెబ్బకు పోయింది. విత్తనాల పొట్లాల మీద పేర్లయితె సార్లయే ఉంటయి. ముప్పై ఏండ్ల సంది మా తోటల ఒక్క విత్తనం గూడ తెగిపోకుండ నిలబెట్టింది మాత్రం ఆ అవ్వనే."