మిల్లు గోడ మీద వరద గీత

పాత వరద ఎంత ఎత్తుకు వచ్చిందో నది ఒడ్డున మిల్లు గోడ మీద గీత చెక్కించాలని గ్రామ చరిత్ర సంఘం తీర్మానించింది. ఆ వరదను చూసినవాళ్లలో మిగిలింది హెస్టర్ ఒక్కతే. రాళ్లు చెక్కే రోలండ్ ఆమెను గోడ దగ్గరకు తీసుకొచ్చాడు.

హెస్టర్ తడుముకోకుండా తన నడుము ఎత్తున వేలు పెట్టింది. "ఇక్కడ."

"ఇంత కిందేనా, పెద్దమ్మా? తలుపులు మునిగిపోయాయని పబ్బులో అందరూ అంటారే!"

"పబ్బులో ఆ వరద ఏటా ఓ అడుగు పెరుగుతుంది. నువ్వు చెక్కు నాయనా."

రోలండ్ నవ్వుతూ ఉలి ఆనించాడు. "డెబ్బై ఏళ్లయింది కదా, అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"అమ్మ పడవ కోసం పరుగెత్తుతూ నన్నూ తమ్ముణ్ణీ ఈ గోడకే ఆనించి నిలబెట్టింది. వాడి చెయ్యి వదలొద్దంది. వదల్లేదు. నీళ్లు నా గడ్డం దాకా వచ్చి ఆగిపోయాయి." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "వాడు నాకంటే జానెడు పొట్టి."

రోలండ్ ఉలి దించేశాడు.

హెస్టర్ ఆకాశంకేసి చూసింది. "వాన వచ్చేలా ఉంది. కానివ్వు."