కుక్కల మలుపు

"దిగు. పరిగెత్తకు," అంటూ భర్త బండి ఆపేశాడు. మలుపు చాటు నుంచి మూడు కుక్కలు మొరుగుతూ దూసుకొచ్చాయి.

ఆమెను బండికి అవతలి పక్కన ఉంచి, తాను కుక్కల వైపు ఉండి మెల్లగా తోసుకుంటూ నడిచాడు.

"రోజూ మందుల పెట్టెతో పాటు ఆ నర్సమ్మనీ ఇలాగే నడిపించుకెళ్తారా? షికారులా ఉందే!" అంది ఆమె.

కొండమీది ఆసుపత్రికి మందులు చేరవేసే అతని బండి మీద రోజూ నర్సు కూడా వెళ్తోందని వారం క్రితం తెలిసినప్పట్నుంచీ అడగాలనుకుంటున్నదే ఆ మాట. అందుకే ఇవాళ పట్టుబట్టి వెంట వచ్చింది.

మలుపు దాటాక అతను మళ్లీ బండెక్కి ఆమెను ఎక్కించుకున్నాడు.

నిన్న రాత్రి ఆసుపత్రిలోనే ఉండిపోయిన నర్సు అక్కడి వాకిట్లోనే ఎదురైంది. "ఇంత ఆలస్యమైందేమ్మా?"

"కుక్కలండీ. బండి దిగి నడిచొచ్చాం," అంది ఆమె, ఆవిడ మొహంలోకే చూస్తూ.

నర్సు పకపకా నవ్వి కాలు ముందుకు చాపింది. పిక్క మీద కుట్ల గుర్తులు.

"మీ ఆయన బండి ఆపాడా! నేను వెనకుంటే 'కాళ్లు పైకెత్తుకో అక్కా' అని అరిచి బండిని దూకించేస్తాడు. ఆయనకేం, కరిచేది నన్ను కదా! పెట్టిపుట్టావమ్మా."

భర్త తల వంచుకుని పెట్టె దించాడు.

తిరుగు దారిలో, మలుపు రాకముందే ఆమె బండి ఆపించి దిగింది.

"రేపట్నుంచి ఆవిణ్ణి కూడా ఇక్కడ దింపి నడిపించండి," అంది. "కుక్కల వైపు మాత్రం మీరే ఉండాలి."