పెట్టెలో చోటు

ఈ సెలవుల్లో చుక్క ముట్టనని మా ఆయన మాటిచ్చారు. హోటల్లో దిగగానే మెనూ కార్డు బోర్లించి, ఇద్దరికీ నిమ్మరసం చెప్పారు. అలవాటు చావక ఆయన గ్లాసు వాసన చూశాను. నిమ్మరసమే.

మధ్యాహ్నమంతా సముద్రంలో పిల్లాడిలా గంతులేశారు. "రావే! నీళ్లేమైనా కొరుకుతాయా?" అని ఒకటే పిలుపు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డునే నిలబడి నవ్వాను. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్నంత హుషారుగా చూడలేదు.

గదికొచ్చాక ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "నువ్వు కూర్చో. నీ బట్టలు నేను బీరువాలో సర్దుతా" అంటూ, వద్దనేలోపే నా పెట్టె తెరిచారు.

పైనే పరుపు మీద పరిచే ప్లాస్టిక్ షీటు కనిపించింది. దాని కింద ఫినాయిల్ సీసా, పడి దెబ్బ తగిలితే కట్టడానికి దూదీ కట్టుగుడ్డా, వాంతి చేసుకుంటే మార్చడానికి ఆయనవే బోలెడు బట్టలు.

ఆయన మంచమ్మీద కూలబడ్డారు.

"తాగనని చెప్పాను కదే."

"ఏటా చెప్తారు కదండీ."

ఆయన లేచి పెట్టె అడుగుదాకా తడిమారు. "మరి నీ బట్టలేవీ?"

"చోటు మిగల్లేదండీ" అన్నాను, ఒంటిమీదున్న ఆ ఒక్క జతా ఎక్కడైనా తడిసిందేమో చూసుకుంటూ.