కాబోయే అల్లుడి రిపోర్టు

కాబోయే అల్లుడు వస్తున్నాడని పెద్దమనిషి పొద్దున్నే లేచి సోఫా మీద పాత దుప్పటి పరిచాడు. ఇంట్లో ఉన్న ఆరు గాజు గ్లాసుల్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. బల్ల మీద ఒకే ఒక్క పేపరు కప్పులో మంచినీళ్లు ఉంచాడు. అదీ మర్యాద!

పెళ్లి ఇంకా పన్నెండు రోజులుంది. ముందుగా ఇద్దరికీ రక్తపరీక్షలు చేయిద్దామన్నది ఆయనే. "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదు" అన్నాడు. నిన్న సాయంత్రం రిపోర్టులొచ్చాయి. అమ్మాయికి ఏమీ లేదు. అబ్బాయికి హెచ్ఐవి పాజిటివ్.

అబ్బాయి స్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మాయి ఫోన్లో అంతా చెప్పేసింది కాబట్టి కంగారు పడలేదు. దుప్పటి మీద కూర్చుని, సగం కప్పు నీళ్లు తాగి, సంచీలోంచి ఇంకో రిపోర్టు తీశాడు.

"నాకు జబ్బు లేదండీ. పోయినేడు వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు హెచ్ఐవి టీకా ప్రయోగంలో చేరాను. చెప్తే గొప్పలు పోయినట్టుంటుందని ఊరుకున్నాను. ఆ టీకా వల్లే పాజిటివ్ వచ్చింది. మీకు తెలియనిదేముంది?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పు" అన్నాడు పెద్దమనిషి కిటికీ వైపు చూస్తూ.

లెక్కల మాస్టారు కదా, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పాడు.

"ఆ వైరస్ పూటకో వేషం వేస్తుందండీ. ఏ వేషంలో వచ్చినా పట్టుకునే యాంటీబాడీల్ని ఒంట్లో తయారు చేయించాలనే ఆ టీకా. అందులో వైరస్ ఉండదు. నాకు యాంటీబాడీలు తయారయ్యాయి. మామూలు పరీక్ష వాటిని చూసే పాజిటివ్ అనేస్తుంది. గుమ్మంలో పోలీసుల్ని చూసి, ఇంట్లో దొంగ ఉన్నాడని కేకలేసినట్టు. ఇదిగోండి, నేరుగా వైరస్‌నే వెతికే పరీక్ష. లేదని వచ్చింది."

"కాకమ్మ కథలు!"

"ఏవండీ, కుర్రాడు చెప్పింది సబబుగానే ఉంది" అంది భార్య. "అయినా మీరే కదా..."

"నువ్వు ఊరుకోవే!"

ఆవిడ ఊరుకుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు.

"సరే, నీ మాటే నిజమనుకుందాం" అన్నాడు పెద్దమనిషి. "మొదటి కాగితం సంగతి మా బావమరిదికి తెలిసింది. అంటే ఊరంతా తెలిసినట్టే. రెండో కాగితం ఎవడు చూస్తాడు? పెళ్లికొచ్చిన వాళ్లందరికీ మైకులో చదివి వినిపించమంటావా? అసలు నిన్నెవడు చేరమన్నాడు? ఎవడో నాలుగు మంచి మాటలు చెప్తే చెయ్యి చాపి పొడిపించుకోవడమేనా?"

"నాలుగు ప్రాణాలు నిలుస్తాయని చేరానండీ."

"ఆ నాలుగు ప్రాణాలనే పిల్లనిమ్మను!"

మాస్టారి మొహం మాడిపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో పిల్లలకి చెప్పడమే గానీ, తను చూడ్డం ఇదే మొదలు.

పెద్దమనిషి రెండు రిపోర్టుల్నీ రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, చెత్తబుట్టలో వేశాడు. లోపలికెళ్లి మోచేతుల దాకా సబ్బు రాసుకుని రెండుసార్లు కడుక్కున్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి అమ్మాయి బల్ల దగ్గర నిలబడి ఉంది. మాస్టారు వదిలేసిన సగం కప్పు నీళ్లు గటగటా తాగేసింది.

"నీకేమైనా పిచ్చా?" తండ్రి గావుకేక పెట్టాడు.

"నువ్వు భయపడినట్టు నటిస్తున్నావో, నిజంగానే భయపడుతున్నావో నాకు అర్థం కావట్లేదు నాన్నా. ఏదైనా సిగ్గుచేటే. పెళ్లి అనుకున్న రోజునే, గుళ్లో. వస్తే సంతోషం. రాకపోతే నీ ఇష్టం."

చెత్తబుట్టలోంచి రిపోర్టులు తీసి దులిపి, మాస్టారి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెద్దమనిషి మాత్రం ఆ దుప్పటి పారేయాలా, ఉతికితే సరిపోతుందా అని ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు తొమ్మిదింటికల్లా ఆయన హెచ్ఐవి టీకా ప్రయోగ కేంద్రంలో తన కుర్చీలో కూర్చుని, చేరాలా వద్దా అని తటపటాయిస్తున్న ఓ కుర్రాడి భుజం తట్టి, "రేపు పరీక్షలో పాజిటివ్ వస్తే పిల్లనెవరిస్తారనే కదా నీ బెంగ, అలాంటి మూర్ఖపు మామగార్లకి నచ్చజెప్పడానికే నాయనా, పదకొండేళ్లుగా నాకిక్కడ జీతమిస్తున్నది" అన్నాడు.